వంటమ్మ చేతి ఖాతా

నేను కాగితం చదవడం మొదలుపెట్టకముందే ఆమె ఎడమ బొటనవేలిని కొంగుకు తుడుచుకుని ముందుకు చాపింది. "ఎక్కడ వెయ్యాలమ్మా?" అంది.

కోడుమూరు దగ్గరి ఒక పల్లెలో, ఆమె చెల్లెలి ఇంటి అరుగు మీద కూర్చున్నాం. 2023 నవంబరు. నా చేతిలో నాలుగు పేజీల సమ్మతి పత్రం. ఈ పరిశోధన ఎందుకు, రికార్డు చేసిన మాటలు ఎక్కడ దాస్తాం, మధ్యలో మనసు మారితే ఏం చేయాలి, అన్నీ అందులో ఉన్నాయి. ఒక్కొక్కటీ చదివి, అర్థమైందో లేదో అడిగి, ఆ తరువాతే వేలిముద్ర తీసుకోవాలి. నేను అలాగే చదివాను. ఆమె తల ఊపుతూనే ఉంది. వేలు మాత్రం మొదటి పేజీ నుంచి నాలుగో పేజీ దాకా చాపే ఉంచింది.

ఆ రోజు వేలిముద్ర తీసుకుని వచ్చాను. రాత్రి ఆ కాగితాన్ని ఫైలులో పెట్టబోయి పెట్టలేకపోయాను. ఇరవై ఏళ్లు ఒక ఆశ్రమంలో, ఎవరు ఏ కాగితం ముందు పెట్టినా వేలు వేసిన మనిషి ఆమె. వెయ్యకపోతే ఏమవుతుందో ఆమెకు తెలుసు. ఆమె లెక్కలో నా కాగితం ఆ కట్టలోదే.

కర్నూలులో వికలాంగుల పునరావాసం కోసం నేను పనిచేస్తూ పద్నాలుగేళ్లయింది. వైకల్య శాతం నిర్ధారించి సర్టిఫికేట్ ఇచ్చే సదరం శిబిరాలకు తోడు వెళ్లడం, పింఛను అర్జీలు రాయడం, మూడు చక్రాల బండ్లు ఇప్పించడం నా రోజువారీ పని. నాకూ పోలియో కాలు. 2023లో ఒక విశ్వవిద్యాలయ విభాగంతో కలిసి కర్నూలు, అనంతపురం, కడప ప్రాంతాల్లో ఆశ్రమాల్లో, వసతి గృహాల్లో, చికిత్సాలయాల్లో ఏళ్ల తరబడి ఉండి వచ్చిన తొమ్మిది మంది మాటలను నమోదు చేసే పని పెట్టుకున్నాం. వారిలో ఒకరి కేసు ఇది. ఆమె విని, సరిదిద్ది, సరేనన్న తరువాతే రాస్తున్నాను. ఇక్కడ ఆమెను అక్క అంటాను. నేను పిలిచేదీ అలాగే. పేరు ఎందుకు రాయడం లేదన్నది ఈ కేసులో పెద్ద భాగం, దాని దగ్గరికి తరువాత వస్తాను.

చదువు రానివారి సమ్మతి తీసుకునేటప్పుడు ఏ పక్షానికీ చెందని, చదవగలిగిన సాక్షి ఉండాలని భారత వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాలు చెబుతాయి. మొదటి రోజు నా పత్రం మీద సాక్షిగా సంతకం పెట్టింది అక్క మరిది, అంటే చెల్లెలి భర్త. ఆమె తినేది ఆయన ఇంటి అన్నం. ఆయన ఎదురుగా "నాకు ఇష్టం లేదు" అని ఆమె ఎలా అనగలదు? ఆ పత్రాన్ని రద్దు చేశాను. రెండోసారి కాగితమే తీసుకెళ్లలేదు.

నాకు కావలసింది ఆమె నోట ఒక్క "వద్దు". అది వినకుండా "సరే" అన్నదానికి విలువ కట్టలేను. అందుకని చిన్న చిన్నవి అడుగుతూ వచ్చాను. కుర్చీ ఇటు జరపనా? కాఫీ తాగుదామా, ఇంకాసేపు ఆగుదామా? రికార్డరు ఆపనా? రెండు సందర్శనల దాకా ప్రతిదానికీ "మీ ఇష్టమమ్మా" అంది. మూడోసారి ఆమె అరుగు మీద కందులు చెరుగుతోంది. చెల్లెలి సంగతి ఏదో మాటల్లో వచ్చింది. చెరగడం ఆపి, చేట తీసి రికార్డరు మీద బోర్లించింది. నా వైపు చూడలేదు. "ఇది ఇప్పుడు వద్దు" అంది.

ఆ సాయంత్రమే కొత్త పత్రం చదివాను. సాక్షిగా ఎవరుండాలో ఆమెనే అడిగాను. రెండిళ్ల అవతల బట్టలు కుట్టే అమ్మాయిని పిలిపించింది. "ఆ పిల్లకు మా పొలంతో పని లేదు" అని కారణం కూడా చెప్పింది. నిష్పక్షపాత సాక్షి అంటే ఏమిటో ఇంతకంటే బాగా ఏ శిక్షణలోనూ నేను వినలేదు.

ఇంకొక చిక్కు నా వృత్తిది. ఊళ్లో నా ముఖం చూస్తే పింఛను గుర్తుకొస్తుంది. "ఇది పింఛను పెరగడానికేనా?" అని అక్క నాలుగుసార్లు అడిగింది. నాలుగుసార్లూ కాదన్నాను. అయినా, ఆశ ఉన్నచోట "కాదు" అన్నమాట చెవికెక్కదు. చివరికి ఆమె పింఛను పనులన్నీ మా ఆఫీసులో వేరొకరికి అప్పగించాను. నాతో మాట్లాడినా, మాట్లాడకపోయినా ఆ పని జరుగుతుందని ఆ వ్యక్తే స్వయంగా వెళ్లి చెప్పి వచ్చారు. ఆ తరువాత ఆమె ఆ ప్రశ్న అడగలేదు. ఈ రెండు పనులూ ఒకే మనిషి చేయకూడదని ఇప్పుడు గట్టిగా అంటాను.

ఏడు, నెల

సంవత్సరాలు అడిగితే అక్క చెప్పలేదు. సంఘటనలు అడిగితే తడుముకోదు. ఆశ్రమంలో చేరింది "రామారావు ఓడిపోయిన ఏడు". అంటే 1989 చివర. బయటికి వచ్చింది "తుంగభద్ర పుష్కరాలయిన మరుసటి ఏడు". పుష్కరాలు 2008 డిసెంబరులో. మరుసటి ఏడు అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ పొంగి కర్నూలు మునిగింది. ఆ రోజు ఏదో విశేషం ఉందని ఆమెకు గుర్తు. "గాంధీ తాత రోజని పాయసం చెయ్యమన్నారు. గుండిగలో పాయసం అట్లాగే తేలుతూ పోయింది."

ఇలాంటి పరిశోధనల్లో "సంస్థల నుంచి బయటపడినవారు" అనే మాట వాడుతుంటాం. ఆ మాట ఆమెకు చెప్పాను. "నేనెక్కడ బయటపడ్డానమ్మా? నీళ్లు వచ్చి గోడ పడగొడితే తేలాను" అంది. నా పత్రాల్లో ఆ మాట ఉన్నచోటల్లా తీసేసి "అక్కడ ఉండి వచ్చినవారు" అని రాసుకున్నాను.

మధ్యలో ఒక ఏడు ఉంది. పెద్ద గదిలో అయిదారుగురిని రాత్రిపూట గొలుసుతో కట్టేవారు. ఒక శ్రావణమాసంలో, ఎవరికీ ఏమీ చెప్పకుండా, గొలుసులన్నీ విప్పి పెరటి బావిలో వేశారు. ఏ ఏడో ఆమెకు తెలియదు. "బాగు చేద్దామని తీశారో, భయపడి తీశారో" అంది. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని రామనాథపురం జిల్లా ఏర్వాడిలో ఒక ప్రైవేటు శరణాలయం తగలబడింది. గొలుసులతో కట్టి ఉన్నవారు కదలలేకపోయారు. 28 మంది చనిపోయారు. సుప్రీంకోర్టు ఆ విషయాన్ని తనంతట తానే చేపట్టింది, దేశమంతటా ఇలాంటి చోట్ల తనిఖీలు మొదలయ్యాయి. ఆ ఆగస్టు 6 శ్రావణంలోనే వచ్చింది. ఇదంతా అక్కకు చెప్పాను. చాలాసేపు ఊరుకుంది. "ఇరవై ఎనిమిది మందికీ పేర్లున్నాయా?" అని అడిగింది.

పూటకు పది కిలోలు

నేను తయారు చేసుకున్న ప్రశ్నావళిలో ఇరవై రెండు ప్రశ్నలు. అన్నీ ఒకే వైపు చూస్తాయి. మిమ్మల్ని ఎలా చూసుకున్నారు? ఏం పెట్టారు? కొట్టారా? మందులిచ్చారా? అక్క జవాబులు రెండు మూడు మాటలు దాటేవి కావు. "బాగానే చూశారు." "పెట్టారు, తిన్నాం." మొదటి మూడు రికార్డింగులు కలిపి విన్నప్పుడు వాటిలో నా గొంతే ఎక్కువ.

జనవరిలో ఒక పొద్దున వెళ్లేసరికి జొన్నరొట్టె తడుతోంది. కుడి చెయ్యి పీట అంచున ఊరకే ఆనించి ఉంది. బొటనవేలు, పక్కనున్న రెండు వేళ్లు అరచేతిలోకి ముడుచుకుని అతుక్కుపోయాయి. ఎడమ చేత్తో పిండి ముద్దను తిప్పుతూ తడుతుంటే రొట్టె చుట్టూ ఒక్కచోట కూడా పగలడం లేదు. ఒంటిచేత్తో ఇంత గుండ్రంగా ఎక్కడ నేర్చుకున్నావక్కా అని అడిగాను. అంతే. రెండున్నర గంటలు మాట్లాడింది.

ఆ ఆశ్రమంలో చేరిన రెండో ఏడు నుంచి వంట ఆమెదే. మొదట ఒక పెద్దావిడకు తోడుగా, ఆవిడ పోయాక ఒక్కతే. అరవై మంది. పూటకు పది కిలోల బియ్యం, రెండు కిలోల కందిపప్పు. నాలుగింటికి లేచి కట్టెల పొయ్యి ముట్టించాలి. పప్పు పలచబడిన రోజున ఎవరికి ముందు పెట్టాలో ఆమె దగ్గర ఒక వరుస ఉంది: ముందు మాత్రలు వేసుకునేవాళ్లకు, ఎందుకంటే ఖాళీ కడుపున మందు పడితే వాళ్లు కళ్లు తిరిగి పడతారు. తరువాత ముసలివాళ్లకు. మింగలేని ఇద్దరికి అన్నం చారుతో మెదిపి వేరే గిన్నెలో. ఒకామెకు పళ్లెం చూస్తేనే వణుకు, ఎందుకో ఎవరూ కనుక్కోలేదు. ఆమెకు రోజూ మోదుగాకు విస్తరిలో. ఒకాయన అన్నం గోడ పక్కన దాస్తాడు, చీమలు పడతాయి. అందుకని ఆయనకు సగం సగం రెండుసార్లు.

ఇదంతా చెబుతున్నప్పుడు ఆమె గొంతు మారింది. అప్పటిదాకా అడిగినదానికి జవాబిచ్చిన మనిషి, ఇప్పుడు నాకు పని నేర్పుతున్నట్టు చెప్పింది. మధ్యలో నన్ను సరిదిద్దింది కూడా. అరవై మంది అని రాసుకుంటుంటే, "అరవై రెండు. ఇద్దరిని పుస్తకంలో ఎక్కించలేదు" అంది.

ఏళ్లుగా ఇలాంటివారి దగ్గర కూర్చున్నాను, ఈ సంగతి నాకు ముందే తట్టి ఉండవలసింది. వాళ్లకు ఏం జరిగిందని అడుగుతాం. వాళ్లు ఏం చేశారని అడగం. ఆశ్రమం పుస్తకంలో ఆమె రోగి. నా ప్రశ్నావళిలోనూ రోగే. అరవై రెండు మందిని బతికించిన వంట, అందులో వైద్యం తెలిసినవాళ్లకుండే చూపు, రెండింటిలోనూ లేవు. ఆ రాత్రి ఇరవై రెండు ప్రశ్నలూ పక్కన పెట్టేశాను. మిగిలిన ఎనిమిది మంది దగ్గరా మొదటి ప్రశ్న ఒకటే అయింది: అక్కడ మీ చేతి మీద నడిచిన పని ఏమిటి? ఒకరు అందరి బట్టలు ఉతికారు. ఒకరు రాత్రిళ్లు పిల్లల పక్కన పడుకుని కనిపెట్టుకున్నారు. ఒకరు నిర్వాహకుల ఇంట్లో పాచిపని చేశారు. జీతం ముట్టినవారు ఒక్కరూ లేరు.

జీతం సంగతి అడిగితే అక్కకు ప్రశ్నే వింతగా అనిపించింది. "అన్నం పెట్టారు కదమ్మా, జీతమెందుకిస్తారు?" ఆ అన్నం వండింది ఆమే. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 20వ సెక్షన్‌లో స్పష్టంగా ఉంది: చికిత్సా కేంద్రంలో ఉన్నవారిచేత బలవంతాన పని చేయించకూడదు, పని చేస్తే తగిన ప్రతిఫలం ఇవ్వాలి. గొలుసులతో కట్టడాన్ని 95వ సెక్షన్ నిషేధించింది. చట్టం అమలులోకి వచ్చింది 2018 మేలో. అప్పటికి ఆమె ఆ పొయ్యి దగ్గర నుంచి లేచి ఎనిమిదేళ్లు దాటింది.

చెయ్యి, మూర్ఛ

అక్క దగ్గర సదరం సర్టిఫికేట్ ఉంది. కుడి చెయ్యి, 45 శాతం. నలభై దాటింది కనుక పింఛను వస్తోంది. 2024 జులై నుంచి ఆరు వేలు. ఆ కాగితం చదివినవారికి ఆమె చేతి వికలాంగురాలు.

కానీ ఆమె బతుకును తిప్పింది చెయ్యి కాదు, మూర్ఛ. పెళ్లయిన మూడో ఏట అత్తవారింట్లో మొదటిసారి పడిపోయింది. చేతిలో తాళంచెవులు పెట్టారు, ముక్కు దగ్గర ఉల్లిపాయ పెట్టారు. నాలుగోసారి పడ్డాక పుట్టింటికి పంపారు. పంచాయితీలో ఒక పెద్దమనిషి "మూర్ఛ ఉన్నవాళ్లు పెళ్లికి పనికిరారని చట్టంలోనే ఉంది" అన్నాడట. ఆ మాట ఆమెకు నేటికీ కంఠస్థం. ఆయన పూర్తిగా కల్పించి చెప్పలేదు. హిందూ వివాహ చట్టంలో అప్పట్లో తరచూ వచ్చే ఉన్మాదం పక్కనే మూర్ఛ కూడా ఉండేది. 1999లో పార్లమెంటు సవరణ చేసి మూర్ఛను అక్కడి నుంచి తొలగించింది. ఇది చెప్పినప్పుడు అక్క రొట్టెల పీట కడుగుతోంది. "అది ఏ ఏడు?" అంది. గొలుసులు తీయడానికి రెండేళ్ల ముందు అన్నాను. "అప్పుడు నేను అక్కడే ఉన్నాను" అని మళ్లీ పీట కడుక్కుంది.

పుట్టింట్లో అమ్మానాన్న పోయారు. అన్నకు ముగ్గురు ఆడపిల్లలు. ఇంట్లో మూర్ఛ మనిషి ఉందంటే ఆ పిల్లలకు సంబంధాలు రావని, ఒక తెల్లవారుజామున కర్నూలు బస్సెక్కించాడు. ఆసుపత్రికని చెప్పాడు. దిగింది పాతబస్తీలోని ఆశ్రమం ముందు.

అక్కడ రోజుకు ఒక చిన్న తెల్లమాత్ర ఇచ్చేవారు. ఫీనోబార్బిటాల్ అని తరువాతి చీటీలను బట్టి తెలిసింది. చవకైన మందు, పనిచేసే మందు. దాన్ని ఒక్కసారిగా ఆపితే మాత్రం మూర్ఛలు అంతకుముందుకంటే గట్టిగా వస్తాయి. ఒక వానాకాలం మాత్రలు నిండుకున్నాయి. వారం దాటినా తేలేదు. పప్పు గుండిగ దించుతుండగా పడిపోయింది. తెలివి వచ్చేసరికి కుడి చెయ్యి నిప్పుల్లో ఉంది. పసుపు పూసి గుడ్డ చుట్టారు. అయిదో రోజున ఆసుపత్రికి తీసుకెళ్లారు.

మూర్ఛ వల్ల ఆశ్రమానికి వచ్చింది. మాత్ర ఇవ్వకపోవడం వల్ల, జీతం లేని పనిలో చెయ్యి పోయింది. సర్టిఫికేట్‌లో చెయ్యి ఒక్కటే మిగిలింది. 1995 చట్టం ఏడు రకాల వైకల్యాలను గుర్తించింది, 2016 చట్టం 21 రకాలను. ఆ 21లో మూర్ఛ పేరు లేదు. చెయ్యి కాలకపోయి ఉంటే ఆమెకు ఈ పింఛను కూడా ఉండేది కాదు. ఈ మాట నేను అనలేదు, అక్కే అంది. ఆ సర్టిఫికేట్ శిబిరానికి తోడు వెళ్లింది మా ఆఫీసువాళ్లే. చెయ్యి ఎలా కాలిందని మాలో ఎవరూ అడగలేదు. ఆ ఫారంలో అందుకు గడి కూడా లేదు.

గుత్తి నుంచి ఒక సాక్ష్యం

ఆ ఆశ్రమంలో ఉండి వచ్చిన మరొకాయన గుత్తి దగ్గర అన్నగారింట్లో ఉన్నాడు. వినపడదు, బడికి వెళ్లలేదు. కట్టెలు కొట్టి వంటశాలకు చేరవేసేది ఆయనే. మొదటిసారి అన్నగారే మాటలు అందించారు. ఈయన రెండు నిమిషాల పాటు చేతులు, భుజాలు, ముఖం అంతా కదిలించి చెబితే, అన్నగారు "బాగానే చూసుకున్నారంటున్నాడు" అని ఒక్క ముక్కలో తేల్చారు. ఆయన్ని తప్పు పట్టను. తమ్ముణ్ణి అక్కడ చేర్చింది ఆయనే, వినడానికి ఆయనకు ధైర్యం కావాలి.

తరువాత సంజ్ఞాభాష అనువాదకురాలిని వెంట తీసుకెళ్లాను. అదీ చాలలేదు. భారతీయ సంజ్ఞాభాషకు 2018లో మూడు వేల మాటలతో తొలి నిఘంటువు వచ్చింది, ఆ తరువాత పెరిగింది. ఈయన సంజ్ఞలు అందులో దొరకవు. ఇంట్లో, ఆశ్రమంలో తానే పుట్టించుకున్నవి. చివరికి అనంతపురం నుంచి వినికిడి లేని ఒక మిత్రుడు వచ్చి మధ్యలో కూర్చున్నాడు. ఆయన గుత్తి ఆయనతో మాట్లాడి అనువాదకురాలికి చెబితే, ఆమె నాకు చెప్పింది. నెమ్మదిగా సాగింది, ఒక పూట పట్టింది. మూడు చేతులు మారినా, అన్నగారి ఒక్క ముక్కకంటే ఎక్కువే నాకు చేరింది.

అక్క గురించి నేను ఏమీ చెప్పలేదు. వంటశాల ఫొటో ఒకటి, ఖాళీది, ముందు పెట్టాను. ఆయన గాలిలో పెద్ద గరిటె తిప్పాడు. అది ఆమె పేరు. తరువాత ఎడమ చేత్తో తన కుడి మణికట్టు పట్టుకుని, బొటనవేలు, రెండు వేళ్లు ముడిచి, ముఖమంతా బిగించాడు. ఆపైన ఒక్కొక్క వేలే విప్పుతూ, ప్రతి వేలికీ ఒకసారి గుమ్మం వైపు చూశాడు. అయిదు వేళ్లు. అయిదు రోజులు ఎవరో వస్తారని ఎదురుచూశారన్నమాట. అక్క చెప్పిన అంకె అదే.

ఆశ్రమంలో చాలామంది ఆమెకు కాలిన చెయ్యే గుర్తుగా పెట్టుకున్నారట. ఆయన మాత్రం గరిటె గుర్తునే వదలలేదు. తిరిగి వచ్చి ఈ సంగతి చెబితే అక్క కుడిచేతిని కొంగులోంచి బయటికి తీసి చాలాసేపు చూసుకుంది.

పుస్తకాలు

ఆశ్రమం రికార్డుల కోసం ఒక జిల్లా కార్యాలయానికి 2005 సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల రుసుముతో అర్జీ పెట్టాను. ముప్పై రోజుల గడువు దాటాక జవాబు వచ్చింది: సంబంధిత రికార్డులు 2009 వరదల్లో పోయాయి. కావచ్చు. కర్నూలులో ఆ రెండు రోజుల్లో ఇళ్లలోని పెళ్లి ఫొటోలు, చదువుల సర్టిఫికెట్లు, పొలం కాగితాలు పోయినవారు లెక్కలేనంత మంది. అయితే ఒక సంస్థ గురించి ప్రభుత్వం దగ్గర ఉండవలసిన నకళ్లన్నీ ఒకే చోట, ఒకే నీళ్లలో ఎలా మునిగాయో అడుగుతూ పై అధికారికి అప్పీలు పెట్టాను. అది ఇంకా నడుస్తోంది.

అక్క ఈలోగా వేరే దారి చూపింది. "సామాను తెచ్చేది నేనే కదమ్మా, ఆ అంగడాయన రాసుకునేవాడు." పాతబస్తీలో ఆ అంగడి ఉంది. ఇప్పుడు కొడుకు నడుపుతున్నాడు. కింది అంతస్తు పూర్తిగా మునిగింది. తండ్రి పాత అప్పుల పుస్తకాలు కొన్ని మాత్రం మిద్దె మీద గోనెసంచిలో ఉండి మిగిలాయి. నాలుగు గంటలు వెతికాం. ఒకటే దొరికింది, 2006 నాటిది. ఎర్ర గుడ్డ అట్ట, పొడుగాటి కాగితాలు. ఒక పేజీ తల మీద నీలి సిరాతో ఇలా ఉంది: "ఆశ్రమం. వంటమ్మ చేతి ఖాతా."

బియ్యం, కందిపప్పు, నూనె, ఉప్పు, కారం. ప్రతి వరుస చివర వేలిముద్ర. ఆషాఢం నాటి ఒక తేదీ తరువాత పందొమ్మిది రోజుల పాటు వేలిముద్రలు లేవు, ఎవరిదో గీతలాంటి సంతకం ఉంది. మళ్లీ వేలిముద్రలు మొదలయ్యాయి. అవి మునుపటికంటే పక్కకు ఒరిగి ఉన్నాయి.

కొడుకు అనుమతితో ఫొటోలు తీసుకుని అక్క దగ్గరికి వెళ్లాను. ఫోనులో పెద్దవి చేసి చూపించాను. మొదటి వాటి మీద ఎడమ చూపుడువేలు పెట్టి "ఇది కుడిది" అంది. పందొమ్మిది రోజుల అవతల వాటి దగ్గరికి వచ్చి "ఇది ఇది" అంటూ ఎడమ బొటనవేలు చూపించింది. నిపుణులు పోల్చిన సాక్ష్యంగా దీన్ని రాయడం లేదు. ఆమె చెప్పిన మాటగానే నమోదు చేశాను. ఇరవై రోజులకే ఆమె మళ్లీ అంగడికి సరుకులకు వచ్చిందన్నదానికి మాత్రం ఆ పేజీ చాలు.

ఆమెను రోగిగా రాసుకున్న పుస్తకాలేవీ మిగల్లేదు. వంటమ్మగా రాసుకున్నది మిగిలింది. ఆ ఫొటో ప్రింటు తీసి ఇమ్మని అడిగింది, ఇచ్చాను.

పేరు

మొత్తం రికార్డింగులు కాగితం మీద పెడితే నలభై ఒక్క పేజీలు వచ్చాయి. ఆరుసార్లు కూర్చుని, బట్టలు కుట్టే అమ్మాయి పక్కనుండగా, చదివి వినిపించాను. అయిదు పేజీలు తీసెయ్యమంది. వాటిలో ఏముందో ఇక్కడ సూచించడం కూడా చేయను. ఆ భాగం రికార్డింగును ఆమె ఎదుటే చెరిపేశాను. అంత విలువైన భాగాన్ని ఎలా పోగొడతావని విశ్వవిద్యాలయంలోని సహచరులు నాతో గట్టిగానే వాదించారు. పేర్లు మార్చి దాచుకోవచ్చు కదా అన్నారు. నా సమాధానం ఇప్పటికీ అదే. ఇరవై ఏళ్లు ఆమె పెట్టె మీద తాళం వేరేవాళ్ల దగ్గర ఉంది. ఆ తాళం నాకు వద్దు.

పేరు దగ్గరే ఎక్కువ కాలం ఆగిపోయాం. ఆశ్రమంలో ఆమె పేరుగలవాళ్లు ముగ్గురుండేవారట, నిర్వాహకులు ఆమెకు వేరే పేరు పెట్టి పిలిచారు. పరిశోధనలో మారుపేరు వాడతామని, ఏ పేరు కావాలో చెప్పమని నేను అడిగితే ఆమెకు కోపం వచ్చింది. నేను చూసిన ఒకే ఒక్క కోపం అది. "వాళ్లూ పేరు మార్చారు, నువ్వూ మారుస్తావా? నా పేరు నాకు రాయి." గోప్యత ఆమెకు రక్షణ అని నేర్చుకుని వచ్చినదాన్ని, నా దగ్గర జవాబు లేదు. సరేనన్నాను, అసలు పేరుతోనే రాశాను.

నెల తిరగకముందే చెల్లెలు ఫోను చేసింది. ఆమె కూతురికి సంబంధాలు చూస్తున్నారు. పెద్దమ్మకు మూర్ఛ అని నలుగురి నోటా పడితే పిల్లకు కష్టమని ఏడ్చింది. మూర్ఛ చాలావరకు వంశంలో వచ్చేది కాదని ఇద్దరికీ, పిల్లకూ కూర్చోబెట్టి చెప్పాను. పిల్ల విన్నది. "నాకు తెలుసు పిన్నీ, వచ్చేవాళ్లకు ఎవరు చెబుతారు?" అంది. ముప్పై అయిదేళ్ల కిందట అక్కను కర్నూలు బస్సెక్కించిన కారణం, అదే మాటల్లో, మళ్లీ అరుగు మీదికి వచ్చి కూర్చుంది. నేను మాట్లాడలేకపోయాను.

నిర్ణయం అక్కే చేసింది. రెండు ప్రతులు. ఒకటి అందరి పేర్లతో, ఊళ్లతో, ఆమె ఇనుప పెట్టెలో ఉంటుంది. రెండోది పేర్లు లేకుండా, బయటికి వెళుతుంది. పాప పెళ్లయ్యాక మళ్లీ కూర్చుని మాట్లాడుకుందామంది. మీరు చదువుతున్నది ఆ రెండో ప్రతి నుంచి.

ఇప్పుడామెకు కర్నూలు పెద్దాసుపత్రి నుంచి నెలనెలా మందులు వస్తున్నాయి. ఏడాదిగా రెండుసార్లే పడింది. చేతికి శస్త్రచికిత్స చేస్తే వేళ్లు కొంత విడతాయని డాక్టరు చెప్పారు. ఆలోచిస్తానంది, బలవంతం చేయలేదు.

మొన్న చివరి చదువు అయ్యాక రికార్డరు కట్టేయబోతుంటే వద్దంది. ఇంకో పేజీ కావాలంది. పుస్తకంలో ఎక్కించని ఇద్దరు ఆడవాళ్లు, ఇద్దరూ అక్కడే పోయారు. ఒకరు వరదకు రెండేళ్ల ముందు, ఒకరు వరద రోజున. ఇద్దరి పేర్లు, ఊళ్లు రెండేసిసార్లు చెప్పింది, నేను సరిగా పలికానో లేదో మళ్లీ అనిపించుకుంది. ఏమేం రాయాలని అడిగాను. మొదటామెకు పులగంలో నెయ్యి లేకపోయినా ఉన్నట్టు చెబితే తినేదట. రెండో ఆమె, విస్తరిలో తప్ప తినని మనిషి. ఆ పేజీ పెద్ద అక్షరాలతో రాసి, బట్టలు కుట్టే అమ్మాయి చేత ఇంకోసారి చదివించి, అక్క తన ప్రతిలో చివర పెట్టించుకుంది.